క్యాంపస్ పిల్లులు: సంచుల్లో కట్టి పంపిస్తే సరిపోదా?

పాఠకుల ప్రశ్నలు – పశువైద్యుని సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కళాశాల, విశ్వవిద్యాలయ ప్రాంగణాల నుంచి వచ్చినవే. అన్నింటిలోనూ పిల్లుల గొడవే. సెలవులు ముగిసి మెస్‌లు తెరుచుకున్న తరువాత ఇలాంటి ఉత్తరాలు రావడం మామూలే గానీ, ఈసారి వార్డెన్లు, విద్యార్థులు, అధ్యాపకులు ఒకే విషయాన్ని తలొక వైపు నుంచి అడిగారు. అందుకని పాడిపశువుల ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ శీర్షికను పూర్తిగా వీటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను ఒక విశ్వవిద్యాలయంలో మహిళా వసతిగృహాల వార్డెన్‌ను. మా నాలుగు హాస్టళ్ళకు కలిపి ఒకే మెస్ ఉంది. రెండేళ్ళ క్రితం ఇక్కడ ఆరేడు పిల్లులు ఉండేవి. ఇప్పుడు నలభై దాటాయి. గత వేసవిలో పారిశుద్ధ్య కాంట్రాక్టరు మనుషులు ఇరవై పిల్లులను గోనెసంచుల్లో వేసి, ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో వదిలివచ్చారు. సంక్రాంతి నాటికి సంఖ్య మళ్ళీ మొదటికి వచ్చింది. ఈ ఏడాదీ అదే పని చేయమని పైనుంచి ఒత్తిడి ఉంది. చేస్తే ధర్నాకు కూర్చుంటామని కొందరు విద్యార్థినులు అంటున్నారు. శాశ్వతమైన పరిష్కారం ఏదైనా ఉందా? – పేరు, ఊరు ప్రచురించవద్దని కోరిన ఒక వార్డెన్

జవాబు: ఉంది. కానీ అది ఒక్క వేసవిలో పూర్తయ్యేది కాదు. ముందుగా సంచుల పద్ధతి మీ దగ్గర ఎందుకు పనిచేయలేదో చెబుతాను, ఎందుకంటే పైవారిని ఒప్పించవలసింది మీరే.

ఒకచోట ఎన్ని పిల్లులు బతకగలవన్నది అక్కడ దొరికే తిండిని బట్టి, దాక్కోవడానికి ఉన్న చోటును బట్టి ఉంటుంది. మీ మెస్ వెనుక పారవేసే అన్నం, చేపముళ్ళు, కోడి ఎముకలు నలభై పిల్లులకు సరిపోతున్నప్పుడు, అందులో ఇరవైని తీసివేస్తే మిగిలిన ఇరవైకి రెండింతల తిండి మిగులుతుంది. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రాగలదు. దాని చూడి కాలం తొమ్మిది వారాలే. ఈతకు మూడు నుంచి ఐదు పిల్లల చొప్పున ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనగలదు. పిల్లలు ఇంకా పాలు తాగుతుండగానే మళ్ళీ చూడి కట్టగలదు. బయటి పేటల్లో తిరిగే గండుపిల్లులకు ఖాళీ అయిన చోటు తెలియడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా అడవుల్లో పరిశోధకులు రెండు చోట్ల పిల్లులను అడపాదడపా పట్టి చంపుతూ, కెమెరాల సాయంతో వాటిని లెక్కించారు. 2015లో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం సంఖ్య తగ్గకపోగా, ఒకచోట 75 శాతం, మరొకచోట 211 శాతం పెరిగింది. కొద్దికొద్దిగా తీసివేయడం వల్ల తగ్గుతుందనుకోవడం మన ఆశే గాని, పిల్లుల స్వభావం అందుకు సహకరించదు.

ఇందులో ఇంకొక పొరపాటు కూడా ఉంది. చేతికి చిక్కి సంచిలోకి వెళ్ళే పిల్లులన్నీ మనుషులకు మచ్చికైనవి, అంటే ఎవరో ఒకరు ఇంట్లో పెంచుకోవడానికి పనికివచ్చేవి. మనిషి అలికిడికే గోడ దూకే బెదురు పిల్లులు ఎవరికీ చిక్కవు; మళ్ళీ గుంపును పెంచేవి అవే. పనికివచ్చే వాటిని పారవేసి, సమస్యను ఇంట్లోనే ఉంచుకున్నట్లయింది. పైగా తిండి, నీరు లేక బాధపడే పరిస్థితిలో జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం నేరం. చంపడం, విషం పెట్టడం భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ కిందికి వస్తాయి. దానికి ఐదేళ్ళ వరకూ శిక్ష పడవచ్చు. విద్యాసంస్థల ఆవరణల నుంచి వీధికుక్కలను తరలించాలని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఇచ్చిన ఆదేశాన్ని మీ పైవారు ప్రస్తావించవచ్చు. ఆ ఆదేశం కుక్కల గురించి ఇచ్చినది. అందులోనైనా కుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, షెల్టరులో ఉంచమన్నారే తప్ప ఊరవతల వదిలిరమ్మనలేదు.

ఇక పనిచేసిన పద్ధతి. పిల్లులను బోనుల్లో పట్టి, సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, గుర్తుగా ఎడమ చెవి కొసను కత్తిరించి, పట్టిన చోటే తిరిగి వదిలిపెట్టడం దీని సారాంశం. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఓర్లాండోలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో 1991లో స్వచ్ఛంద కార్యకర్తలు ఈ పని మొదలుపెట్టారు. 1995 తరువాత ఆ ప్రాంగణంలో కొత్తగా పుట్టిన పిల్లి పిల్ల ఒక్కటీ కనిపించలేదు. 1996లో పూర్తి లెక్క తీసినప్పుడు 68 పిల్లులు ఉండగా, 2002 నాటికి 23, 2019 నాటికి 10 మిగిలాయి. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో 2008లో 69 పిల్లులు ఉండేవి. తొమ్మిదేళ్ళకు 15 అయ్యాయి. మీ పైవారికి ఈ అంకెలు చూపించేటప్పుడు రెండు విషయాలు దాచకండి. ఒకటి, తగ్గుదలకు ఏళ్ళు పట్టింది. రెండు, ఫ్లోరిడాలో ఆ పదకొండేళ్ళలో నమోదైన 155 పిల్లుల్లో దాదాపు సగం, అంటే 47 శాతం, మనుషుల ఇళ్ళకు పెంపకానికి వెళ్ళాయి. ఆపరేషన్ ఒక్కటే చేసి, పెంపకానికి ఇచ్చే పని వదిలివేసి ఉంటే అంత తగ్గుదల వచ్చేది కాదు.

మీరు మొదలుపెట్టవలసింది బోనుతో కాదు, నోటుపుస్తకంతో. వారం రోజులపాటు ఉదయం, సాయంత్రం ఒకే వేళకు ఇద్దరు మనుషులు హాస్టళ్ళ చుట్టూ తిరిగి ప్రతి పిల్లినీ ఫొటో తీసి, రంగు, మచ్చలు, ఆడా మగా, కనిపించే చోటు, మచ్చికైనదా బెదురుదా అన్నది రాయాలి. “నలభై దాటాయి” అన్న మాట నాకు ప్రతి ప్రాంగణంలోనూ వినిపిస్తుంది. లెక్క తీస్తే ఒకచోట ఇరవై ఆరు తేలాయి, మరొకచోట అరవై మూడు. ఈ పుస్తకం లేకపోతే మూడో నెలలో దేనికి ఆపరేషన్ అయిందో, ఏది కొత్తగా వచ్చిందో ఎవరికీ తెలియదు, ఖర్చుకు సమాధానం చెప్పడానికీ మీ దగ్గర ఏమీ ఉండదు.

లెక్క తీస్తూనే తిండికి వేళ పెట్టండి. రోజూ ఒకే సమయానికి, ఒకే చోట, అరగంట సేపు మాత్రమే పెట్టి, మిగిలింది తీసివేయాలి. మెస్ వెనుక మూతలేని డ్రమ్ములకు బరువైన మూతలు వేయించాలి. పది రోజుల్లో పిల్లులు ఆ వేళకు వచ్చి కూర్చోవడం అలవాటు చేసుకుంటాయి. పట్టవలసిన ముందురోజు రాత్రి తిండి ఆపి, తెల్లవారుజామున బోనులో ఎండుచేపో, కవళ్ళ చేపలో పెడితే ఆకలితో ఉన్న పిల్లి తనంతట తానే లోపలికి వెళుతుంది. తలుపు పడగానే బోనుపై దళసరి గుడ్డ కప్పాలి. చీకటిలో పిల్లి కొట్టుకోవడం మానేస్తుంది. బోనును ఎండలో ఉంచకూడదు, కాపలా లేకుండా వదలకూడదు. మన ఎండల్లో ఇనుప బోనులో చిక్కిన పిల్లి గంటసేపట్లో వడదెబ్బకు చనిపోగలదు. చేతులతో పట్టే ప్రయత్నం ఎవరూ చేయవద్దు.

ఆపరేషన్ కోసం మీకు దగ్గరలోని పశువైద్య కళాశాలను సంప్రదించండి. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలలోనూ, తెలంగాణలో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులలోనూ కళాశాలలు ఉన్నాయి. ఒక విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు మరొక విశ్వవిద్యాలయానికి రాసే ఉత్తరానికి, ఒక విద్యార్థి సంఘం రాసే ఉత్తరానికి ఉండే బరువు వేరు; కాబట్టి ఉత్తరం మీ కార్యాలయం నుంచే వెళ్ళేలా చూడండి. గండుపిల్లిని మర్నాడు వదిలిపెట్టవచ్చు. ఆడపిల్లిని పొట్ట కోసి చేసే ఆపరేషన్ కనుక రెండు మూడు రోజులు గదిలో ఉంచి, కుట్టు చూసి వదలాలి. హాస్టల్‌లో వాడని స్నానాల గది ఒకటి ఇందుకు చాలు.

వేగం ముఖ్యం. నెలకు రెండు చొప్పున చేయిస్తే మీరెప్పటికీ వెనుకబడే ఉంటారు, ఎందుకంటే చేయించినవాటి కంటే పుట్టేవి ఎక్కువ. అమెరికాలోని రెండు కౌంటీల లెక్కలను 2005లో విశ్లేషించిన పరిశోధకులు, సంఖ్య తగ్గాలంటే 71 నుంచి 94 శాతం పిల్లులకు ఆపరేషన్ జరిగి ఉండాలని తేల్చారు. నలభైలో పదిహేనింటికి చేయించి డబ్బులు అయిపోయాయని ఆపివేస్తే ఆ డబ్బు దండగే. నాలుగు హాస్టళ్ళకు ఒకేసారి మొదలుపెట్టే స్తోమత లేకపోతే, మెస్ చుట్టూ ఉన్న గుంపును ముందుగా పూర్తిచేసి తరువాత పక్క హాస్టల్‌కు వెళ్ళండి. ఆడపిల్లులకు ముందు, గండుపిల్లులకు తరువాత. అయితే రాత్రిపూట అరుపులు, కొట్లాటలు, గోడల మీద మూత్రపు కంపు మీకు ప్రధానమైన ఫిర్యాదులైతే, గండుపిల్లుల ఆపరేషన్‌తోనే అవి బాగా తగ్గుతాయి. విద్యార్థినులు ముందుగా గమనించేది ఈ మార్పునే.

చివరగా, ఈ పనిని పూర్తిగా విద్యార్థినులకు వదలకండి. వారి ఉత్సాహం నిజమైనదే గాని, రెండేళ్ళకు కోర్సు పూర్తయి వెళ్ళిపోతారు. పరీక్షల నెలలో పుస్తకం మూతపడుతుంది. వేసవిలో మెస్ మూసివేస్తే పిల్లులు పస్తులుంటాయి. జీతం తీసుకునే ఉద్యోగి ఒకరి పేరిట ఈ బాధ్యతను రాతపూర్వకంగా పెట్టించండి. నేను చూసినంతలో క్యాంపస్ పిల్లుల పథకాలు ఆగిపోయింది డబ్బు లేక కాదు, మూడో ఏడాది ఆ పని ఎవరిదో తెలియక. ఇంకొకటి, మీ గేటు బయట ఎవరో అట్టపెట్టెలో పిల్లలను వదిలిపోవడం ఆగదు. ప్రాంగణంలో పిల్లులకు తిండి పెడతారన్న పేరు వస్తే ఇంకా పెరుగుతుంది కూడా. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లికీ నెల తిరగకుండా ఆపరేషన్ జరిగితేనే పాత శ్రమ నిలుస్తుంది. ఫ్లోరిడాలో పదేళ్ళూ చేసింది ఎక్కువగా ఈ విసుగుపుట్టించే పనే.

ప్రశ్న: మా మెస్‌లో పిల్లి గోకి చేతి మీద సన్నని గీత పడింది, రక్తం రాలేదు. పిల్లులకు రేబిస్ రాదని, కుక్కలకే వస్తుందని సీనియర్లు అంటున్నారు. సూది వేయించుకోవాలా? – ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ సీనియర్లు చెప్పింది తప్పు. ఈ ఉత్తరం రాయడం కంటే ముందే మీరు ఆసుపత్రికి వెళ్ళవలసింది; ఇంకా వెళ్ళకపోతే ఇది చదివిన వెంటనే వెళ్ళండి. పాలిచ్చి పెంచే జంతువులన్నింటికీ రేబిస్ రావచ్చు, పిల్లి వల్ల మనుషులకూ రావచ్చు. రక్తం రాని గీరుడైనా టీకా అవసరమైన రెండో కోవలోకి వస్తుంది. చర్మం తెగి రక్తం వస్తే మూడో కోవ. అప్పుడు టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల మందు) కూడా ఎక్కించాలి. ఎవరికైనా ఇలా జరిగితే మొదట చేయవలసింది ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకాను సాధారణంగా మొదటి రోజు, ఆ తరువాత 3, 7, 28 రోజులకు వేస్తారు. గోకిన పిల్లి పది రోజులపాటు ఆరోగ్యంగా ఉంటే అది ఆ సమయంలో రేబిస్ అంటించే స్థితిలో లేదని అర్థం, కాని పది రోజులు చూసి తరువాత వేయించుకుందామని ఆగకూడదు. టీకా మొదలుపెట్టి, పిల్లిని గమనిస్తూ, మిగతా మోతాదుల సంగతి డాక్టరు నిర్ణయానికి వదలండి. ప్రతి పిల్లికీ ఆపరేషన్‌తో పాటే టీకా వేయించమని పైన వార్డెన్‌గారికి చెప్పింది ఇందుకే.

ప్రశ్న: నేను జీవశాస్త్ర అధ్యాపకుణ్ణి, పక్షులను గమనించడం నా వ్యాపకం. పిల్లులను పట్టి, ఆపరేషన్ చేసి, మళ్ళీ అదే ఆవరణలో వదలడమంటే పక్షుల మీద దాడికి వాటికి అనుమతి ఇచ్చినట్లే కదా? జంతుప్రేమ పేరిట మీరు ఒక జంతువు పక్షానే నిలబడుతున్నారని నా ఆరోపణ. – హైదరాబాదు

జవాబు: మీ ఆరోపణలో నిజం ఉంది, దానిని కొట్టివేయలేను. ఆపరేషన్ అయిన పిల్లి పిల్లలను కనదు గాని పిట్టలను పట్టడం మానదు. కడుపు నిండిన పిల్లికి కూడా వేట మీద మక్కువ పోదు. అమెరికాలో పిల్లులు ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల వరకూ పక్షులను చంపుతున్నాయని, అందులో ఎక్కువ భాగం యజమాని లేని పిల్లుల పనేనని 2013లో ఒక పరిశోధన అంచనా వేసింది. ఆ అంకెను యథాతథంగా మన దేశానికి అన్వయించలేము గాని, పిల్లి స్వభావం దేశాన్ని బట్టి మారదు.

అయినప్పటికీ మన ముందున్న ఎంపిక పిల్లులు ఉన్న ప్రాంగణానికీ లేని ప్రాంగణానికీ మధ్య కాదు. ఆపరేషన్ చేయనిస్తే తగ్గుతూ పోయే ఇరవై పిల్లులు. వద్దంటే ఏటా సంచుల్లో వెళ్ళి మళ్ళీ పుట్టుకొచ్చే నలభై. పక్షుల దృష్టితో చూసినా మొదటిదే మేలు. అయితే “పట్టిన చోటే వదలాలి” అన్న నియమాన్ని గుడ్డిగా పాటించడానికి నేను ఒప్పుకోను. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలా చెరువులు, రాళ్ళగుట్టలు, పొదలు, నెమళ్ళు ఉన్న చోట, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలా కొండ అంచున ఉన్న చోట, పిల్లులకు తిండిపెట్టే స్థలం హాస్టళ్ళ నడుమనే ఉండాలి. చెరువు గట్టున, పొదల పక్కన తిండి పెట్టడాన్ని పూర్తిగా నిషేధించాలి. అలాంటి చోట స్థిరపడిన పిల్లులను మళ్ళీ అక్కడ వదలకుండా, మచ్చికైనవాటిని పెంపకానికి ఇవ్వాలి, బెదురువాటికి కంచె వేసిన ఆవరణ ఏర్పాటు చేయాలి. నేలమీద గుడ్లు పెట్టే తీతువులు, కౌజులు మీ దగ్గర ఏయే మూలల్లో ఉన్నాయో మీకు తెలిసినంతగా పిల్లుల బృందానికి తెలియదు. మీరు ఆరోపణ చేసి ఊరుకోకుండా ఆ పటం గీసి వారికి ఇస్తే, ఏ మూల పిల్లులను ముందు పట్టాలో తేలిపోతుంది.

మరొక సంగతి. అలాంటి ప్రాంగణాల్లో పెట్టిన బోనులో ఒక్కోసారి పొడుగు కాళ్ళు, చెవుల కొసన నల్లని వెంట్రుకలు, పొట్టి తోక ఉన్న అడవిపిల్లి పడుతుంది. మరోసారి పునుగుపిల్లో, మానుపిల్లో. వీటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. గుర్తుపట్టిన వెంటనే బోను తలుపు ఎత్తి అక్కడే వదిలివేయాలి, గాయపడి ఉంటే అటవీశాఖకు తెలపాలి. బోనులు పెట్టే విద్యార్థులకు ఆ బొమ్మలు చూపించే పని కూడా మీరే తీసుకోవచ్చు.

ప్రశ్న: మేము పదిమందిమి చందాలు వేసుకుని క్యాంపస్ పిల్లులకు రోజూ పెరుగన్నం, పాలు పెడుతున్నాం. సెక్యూరిటీ వాళ్ళు గిన్నెలు తన్నేస్తున్నారు. మాకు చట్టం అండ ఉందా? – పీజీ విద్యార్థినులు, విశాఖపట్నం

జవాబు: చట్టం గురించి ముందు. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల్లో, యజమాని లేని జంతువులకు తిండి పెట్టే విషయం 20వ నియమంలో ఉంది. అక్కడ నివాస సంఘాలను, అపార్ట్‌మెంటు సంఘాలను, స్థానిక సంస్థలను ఉద్దేశించి చెప్పింది ఏమిటంటే, పిల్లలు ఆడుకునే చోట్లకు, రాకపోకల దారులకు, మెట్లకు దూరంగా స్థలం కేటాయించాలి, వేళ నిర్ణయించాలి, తిండి పెట్టేవారు చెత్త మిగల్చకూడదు. మీరు కూడా ఇదే పద్ధతిలో స్థలం, వేళ కోరుతూ రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. ఎక్కడపడితే అక్కడ, మెట్ల కింద, తరగతి గదుల గుమ్మాల్లో గిన్నెలు పెడుతుంటే మాత్రం సెక్యూరిటీ వారితో మీ వాదం నిలవదు.

ఇక పెరుగన్నం. మనం తినేది ప్రేమతో పెడితే చాలునన్న అభిప్రాయం మంచిదే గాని, పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దాని గుండెకు, కళ్ళకు అవసరమైన టారిన్ అనే పదార్థం మాంసం, చేపల నుంచి మాత్రమే సరిపడా దొరుకుతుంది. అన్నం కడుపు నింపుతుంది గాని అది ఇవ్వదు. ఎదిగిన పిల్లుల్లో చాలా వాటికి పాలు అరగక విరేచనాలు అవుతాయి. మీరు తిండి పెట్టే చోట నేల ఎప్పుడూ తడిగా, వాసనగా ఉంటోందన్న ఫిర్యాదుకు కారణం బహుశా మీ పాలగిన్నే. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసమో చేపో పెట్టండి. పొడి ఆహారమైతే ఎదిగిన పిల్లికి రోజుకు 50–60 గ్రాములు చాలు. మెస్‌లో మిగిలిన కూరలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. జ్వరంగా ఉందని పారాసెటమాల్ మాత్ర ముక్క వేయడం మరీ ప్రమాదం, అది పిల్లికి విషం. ఇంకొక మాట కాస్త కటువుగా చెబుతున్నాను, నొచ్చుకోవద్దు. ఆపరేషన్ చేయించకుండా తిండి మాత్రమే పెట్టడం గుంపును పెంచడమే. నార్త్ కరొలైనాలో వీధిపిల్లుల పిల్లలను వెంబడి గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, 169 పిల్లల్లో 127 ఆరు నెలలు నిండకముందే చనిపోవడమో, కనిపించకుండా పోవడమో జరిగింది. మీ చందాల్లో మూడో వంతైనా ఆపరేషన్లకు పక్కన పెట్టండి.

ప్రశ్న: గ్రంథాలయం పాత పుస్తకాల గదిలో కళ్ళు తెరవని నాలుగు పిల్లి పిల్లలు ఉన్నాయి. తల్లి కనిపించడం లేదు. తీసుకువెళ్ళి సిరంజితో పాలు పట్టమంటారా? – గ్రంథాలయ సహాయకురాలు, వరంగల్

జవాబు: తొందరపడవద్దు. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. అది ఒక్కొక్కదాన్నే నోట కరచుకుని చోటు మార్చే మధ్యలో మీరు చూసి ఉండవచ్చు, తిండికి వెళ్ళి ఉండవచ్చు. దూరంగా ఉండి కొన్ని గంటలు గమనించండి. పిల్లల పొట్టలు నిండుగా, ఒళ్ళు వెచ్చగా ఉండి నిద్రపోతుంటే తల్లి వస్తున్నట్లే. ఒళ్ళు చల్లబడి, ఆగకుండా అరుస్తుంటే మాత్రం జోక్యం చేసుకోవాలి. అప్పుడు కూడా ముందు వెచ్చదనం, తరువాతే పాలు. చల్లబడిన పిల్లకు పాలు పడితే అరగక చనిపోతుంది. ఆవుపాలు కాక, పిల్లి పిల్లల కోసం అమ్మే పాలపొడిని వాడి, బోర్లా పడుకోబెట్టి పట్టాలి. వెల్లకిలా పడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల్లి తిరిగి వస్తే పిల్లలకు ఎనిమిది వారాలు నిండేదాకా ఆగి, పిల్లలను పెంపకానికి, తల్లిని ఆపరేషన్‌కు పంపండి. మనుషుల చేతులకు అలవాటు పడే వయసు కూడా అదే. ఆ తరువాత ఆలస్యం చేసిన కొద్దీ బెదురు ముదిరి ఎవరింట్లోనూ ఇమడవు.

ప్రశ్న: నేను పరిశోధక విద్యార్థినిని, మూడో నెల గర్భవతిని. మా విభాగంలో తిరిగే పిల్లి వల్ల బిడ్డకు ప్రమాదమని ఇంట్లో భయపెడుతున్నారు. – గుంటూరు

జవాబు: వారి భయం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. పిల్లిని నిమిరితే అది అంటుకోవడం చాలా అరుదు. మొదటిసారి సోకిన పిల్లి మలంలో రెండు మూడు వారాలపాటు అది బయటపడుతుంది. ఆ మలంలో కూడా ఒకటి నుంచి ఐదు రోజులు గడిచాకే అంటించే శక్తి వస్తుంది. కాబట్టి పిల్లి మలాన్ని శుభ్రం చేసే పని మీరు చేయకండి, తోటపనిలో మట్టిని ఒట్టిచేతులతో తాకకండి. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు పిల్లి కంటే ఎక్కువ జాగ్రత్త పడవలసినవి. పరీక్ష అవసరమా కాదా అన్నది మీ గైనకాలజిస్టును అడగండి.

ప్రశ్న: చెవి కొస కోయడం క్రూరత్వం అనిపిస్తోంది. మెడకు పట్టీ కడితే సరిపోదా? – డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: చెట్లెక్కే, కంచెలు దూరే పిల్లి మెడపట్టీని వారంలో పోగొట్టుకుంటుంది, లేదా అది కొమ్మకు చిక్కి ఉరి పడుతుంది. చెవి కొసను సెంటీమీటరు మేర కత్తిరించేది ఆపరేషన్ మత్తులో ఉండగానే. రెండు మూడు రోజుల్లో మానిపోతుంది, పది గజాల దూరం నుంచి కనిపిస్తుంది. కొన్నేళ్ళ క్రితం చెవి గుర్తు లేని ఒక ఆడపిల్లిని ఎవరో బోనులో నా దగ్గరకు తెచ్చారు. మత్తిచ్చి, పొట్ట మీది వెంట్రుకలు గొరిగాక పాత మచ్చ సన్నగా కనిపించినట్లే ఉంది గాని, అది కుట్టు మచ్చో, కొట్లాటలో తగిలిన గాయపు గీతో తేల్చుకోలేకపోయాను. కోసి చూస్తే గర్భసంచి లేదు. మళ్ళీ కుట్లు వేసి మూడు రోజులు గదిలో ఉంచాను. ఆ రోజు దాని చెవి కొస కత్తిరించాకే వదిలాను.